నలభై నిమిషాలకు ఆగిపోయే బండి

ఒక పాఠకుడు రాసిన ఆరు పేజీల ఉత్తరానికి ఇది సారాంశం. ఆయన వయసు నలభై ఒకటి, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఇరవై ఏళ్లుగా తారు రోడ్డు మీద చిన్న బండ్లు నడిపిన అనుభవం ఉంది. ఎనిమిది నెలల క్రితం, తారు రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే డ్యూయల్ స్పోర్ట్ బైకు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నారు. అది 400 సీసీ సింగిల్ సిలిండరు ఇంజను, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు ఉన్న పాత తరహా బండి. సీటు ఎత్తు 880 మిల్లీమీటర్లు. పాత యజమాని దగ్గర రెండేళ్లు కదలకుండా పడి ఉందట. మొదటి నెల హాయిగా గడిచింది. రెండో నెలలో పనిముట్లు పెట్టుకోవడానికి ట్యాంకు మీద ఒక సంచీ బిగించుకుని దూర ప్రయాణాలు మొదలుపెట్టారు. అప్పటి నుంచి ముప్పై అయిదు, నలభై నిమిషాలు ఏకధాటిగా నడిపితే ఇంజను తడబడి, ఊపిరాడనట్టు రెండు మూడు సార్లు ఊగి, ఆగిపోతోంది. దిగి, ట్యాంకు మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసుకుని, పావుగంట కూర్చుంటే మళ్లీ స్టార్టవుతోంది. ఒకసారి లారీని దాటుతున్నప్పుడే ఆగింది. మెకానిక్ కార్బురేటరును మూడుసార్లు విప్పి శుభ్రం చేశారు. ప్లగ్గు, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టరు మార్చారు. ఖర్చు బండి ధరలో మూడో వంతుకు చేరింది, జబ్బు మాత్రం అలాగే ఉంది. రెండు నెలల క్రితం ఇద్దరు మిత్రులతో కలిసి కంకర ఎత్తు ఎక్కుతుండగా బండి సగంలో ఆగి, ఒరిగి, ఆయన మోకాలి మీద పడింది. మిత్రులు బండిని లేపి బటన్ నొక్కగానే స్టార్టయింది. ఇంట్లో మాత్రం మెట్ల మీద జారానని చెప్పారు. ఇప్పుడు ఆదివారం మిత్రులు పిలిస్తే ఏదో ఒక వంక చెబుతున్నారు. అమ్మేయమని భార్య అంటున్నారు, కొంటానని ఒక మిత్రుడు అంటున్నాడు. “నాకు బండి మీద నమ్మకం పోయిందో, నా మీద నాకే పోయిందో తెలియడం లేదు. అమ్మాలా, ఉంచుకోవాలా, మార్చి మరొకటి కొనాలా?” అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు, మీలాగే నాకూ ఒకే కథ కనిపించింది: నమ్మించి మోసం చేసే బండి, దాని చేతిలో దెబ్బతిన్న మనిషి. రెండోసారి చదివినప్పుడు అందులో రెండు వేర్వేరు కథలు ఉన్నాయని తోచింది. రోడ్డు మీద ఆగిన ప్రతిసారీ మీ బండి పావుగంట విశ్రాంతి అడిగింది. కంకర ఎత్తు మీద ఆగినప్పుడు మాత్రం లేపి నిలబెట్టగానే బటన్‌కు పలికింది. ఒకే జబ్బు అయితే ఒకచోట అలా, మరొకచోట ఇలా ఉండదు. రోడ్డు మీద ఆగడం యంత్రం తాలూకు లోపం కావచ్చు. గుట్ట మీద ఆగడం మాత్రం, మీరు నొచ్చుకోకపోతే చెబుతాను, బహుశా గేరు, క్లచ్, కాలు తాలూకు సంగతి. ఈ రెంటినీ ఒకే నేరం కింద కట్టి బండి మీద మోపడం వల్లనే మెకానిక్ ఎంత మార్చినా మీ భయం తగ్గడం లేదు. రేపు ఆయన బండిని పూర్తిగా నయం చేసి ఇచ్చినా, మీరు గుట్ట దగ్గరకు వెళ్లేసరికి అరచేతులు చెమర్చడం ఆగదు. అమ్మి కొత్తది కొన్నా అంతే.

ముందుగా యంత్రం సంగతి చూద్దాం. మీ మెకానిక్ చేసినది వైద్యం కాదు, మందులు మార్చి మార్చి చూడటం. అందులో ఆయన తప్పు కన్నా పరిస్థితి తప్పే ఎక్కువ: మీరు బండిని చల్లగా తీసుకెళ్తారు, ఆయన అయిదు నిమిషాలు నడిపి చూస్తారు, బాగానే ఉంటుంది. నలభై నిమిషాలకు వచ్చే జబ్బు అయిదు నిమిషాల పరీక్షకు దొరకదు. కాబట్టి దాన్ని పట్టుకోవలసింది అది ఆగిన చోట, ఆగిన క్షణంలో. ఆ చోట ఉండేది మీరే.

వేడెక్కాక ఆగి, చల్లారాక పలికే కార్బురేటరు బండికి ప్రధానంగా మూడు అనుమానాలు ఉంటాయి. మొదటిది, ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోవడం. పెట్రోలు కిందికి దిగుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. అందుకే మూతలో సన్నని రంధ్రమో, మూత నుంచి హ్యాండిల్ కాడలోకి వెళ్లే చిన్న గొట్టమో ఉంటుంది. అది మట్టితో పూడినా, నలిగి మడతపడినా ట్యాంకులో గాలి పీడనం తగ్గిపోయి పెట్రోలు దిగడం మానేస్తుంది. ఇంజను ఒక్కసారిగా ఆగదు. కార్బురేటరు గిన్నెలో మిగిలిన చుక్కలతో ఊగుతూ ఆగుతుంది. మీరు రాసిన “ఊపిరాడనట్టు” అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. పైగా మొదటి నెలలో లేని జబ్బు, ట్యాంకు మీద సంచీ బిగించిన నెలలోనే మొదలైంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆగిన ప్రతిసారీ మీరు మొదట చేసే పని మూత తీయడం. అంటే బండి కోలుకున్నది చల్లారినందువల్లనో, మూత తీసినందువల్లనో ఇప్పటివరకు ఎవరికీ తెలియదు. మందు వేసి, దాంతోపాటు పథ్యం కూడా చేసి, ఏది పనిచేసిందని అడిగినట్టుంది.

రెండవది ఇగ్నిషన్ వైపు, అంటే పెట్రోలును మండించే నిప్పురవ్వ (స్పార్క్) పుట్టించే వైపు లోపం. ఇగ్నిషన్ కాయిల్ లోపలి చుట్టలోనో, ఇంజను తిరుగుడును పసిగట్టే పికప్ కాయిల్‌లోనో సన్నని తెగుడు ఉంటే, వేడికి ఆ తెగుడు విడిపోయి స్పార్క్ పోతుంది. చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. కాకపోతే ఇది తరచుగా స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగుతుంది, తడబడటం తక్కువ. మూడవది వాల్వులు, అంటే ఇంజనులోకి గాలీ పెట్రోలూ రానిచ్చి, పొగను బయటికి పంపే తలుపులు. నడిచినకొద్దీ వాల్వు తన పీఠంలోకి అరుగుతుంది, దాంతో వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండవలసిన సందు తగ్గుతుంది. ఆ సందు చాలా ఇంజన్లలో కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. వేడికి లోహం సాగితే ఆ కాస్తా పోయి వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజను లోపలి ఒత్తిడి (కంప్రెషన్) పోతుంది. ఇలాంటి బండి సాధారణంగా మొదట ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ తిప్పకుండా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, మొరాయిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. మీరు ఐడిల్ గురించి ఒక్క మాట కూడా రాయలేదు కాబట్టి దీన్ని మూడో స్థానంలో పెట్టాను. కానీ రెండేళ్లు పడి ఉండి, చేతులు మారిన బండికి ఆ సందును (వాల్వు క్లియరెన్స్) చూపించారా అన్నది ఎలాగూ అడగవలసిన ప్రశ్నే. మీ ఖర్చుల జాబితాలో అది లేదు. విచిత్రమేమిటంటే, బ్యాటరీ కొనడం కన్నా, సందు కొలిచే సన్నని రేకు ఫీలర్ గేజ్ పెట్టి చూడటం చవక.

మరి ఏం చేయవచ్చు? ఒక మార్గం, సంచీ తీసేసి, మూత రంధ్రాన్నీ గొట్టాన్నీ శుభ్రం చేసి, అదే దారిలో అంతే సేపు నడిపి చూడటం. ఇది తేలిక, ఖర్చు లేదు. కానీ ఆగకపోతే అనుమానం బలపడుతుందే తప్ప రుజువు కాదు. రెండో మార్గం కొంచెం ఓపిక కోరుతుంది, కానీ తేల్చి చెబుతుంది. ఈసారి ఆగినప్పుడు మూత ముట్టుకోకండి. ఇంజను కాస్త వేడి తగ్గాక, కార్బురేటరు గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ మరను కొద్దిగా వదులు చేసి, కారే పెట్రోలును చిన్న సీసాలో పట్టండి. ట్యాంకు కింద పెట్రోలు వదిలే కుళాయి, పెట్‌కాక్, ఇంజను పీల్పుతో (వ్యాక్యూమ్) తెరుచుకునే రకమైతే దాన్ని ముందుగా ప్రైమ్ స్థానానికి తిప్పాలి, లేకపోతే ఇంజను తిరగనప్పుడు అది పెట్రోలు వదలదు, మీరు లేని లోపాన్ని చూసినవారవుతారు. సీసాలోకి కాసేపు కారి ధార సన్నబడి ఆగిందనుకోండి, అప్పుడు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి ధార మళ్లీ మొదలైతే దొంగ దొరికినట్టే. మూత తెరిచినా ధార రాకపోతే ట్యాంకులోని జల్లెడా పెట్‌కాకూ చూడాలి. రెండేళ్లు నిలవ ఉన్న ట్యాంకులో తుప్పు పొట్టు ఉండటం సహజమే. ధార మొదటి నుంచీ నిండుగా ఉంటే పెట్రోలు వైపు కేసు కొట్టేసి, స్పార్క్ వైపు వెళ్లాలి. వేడి సైలెన్సరు పక్కన పెట్రోలు పట్టడం ఆటకాదు కాబట్టి ఈ పని రోడ్డు వారన, బండి నీడలో, తొందర లేనప్పుడే చేయండి; చేతకాదనిపిస్తే వదిలేయండి. స్పార్క్ చూడాలన్నా ప్లగ్గును విప్పి ఇంజనుకు ఆనించే పాత పద్ధతి కన్నా, ప్లగ్గుకూ తీగకూ మధ్య పెట్టే చిన్న టెస్టరు దీపం సురక్షితం.

ఒక చిన్న పుస్తకంలో ఆగిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాసి పెట్టండి: బయలుదేరాక ఎంతసేపటికి, ట్యాంకు ఎంత నిండి ఉంది, తడబడిందా టక్కున ఆగిందా, ఏం చేస్తే పలికింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే త్వరగా ఆగుతోందని తేలితే గాలిదారి మీద అనుమానం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే నిండు ట్యాంకులో పైన గాలి తక్కువ, కొద్ది పెట్రోలు దిగినా పీడనం త్వరగా పడిపోతుంది. ఈ పుస్తకం చేతిలో పెట్టి, “నలభై నిమిషాలు నడిపాక చూడండి” అని అడిగితే మీ మెకానిక్‌కు కూడా దారి కనబడుతుంది. అప్పటికీ ఆయన నాలుగోసారి కార్బురేటరు విప్పుతానంటే, మెకానిక్‌ను మార్చడం గురించి ఆలోచించవచ్చు.

ఇది తేలేవరకు పెద్ద రోడ్లకు ఈ బండి తీసుకెళ్లకపోవడం మంచిది. సాధారణంగా నేను ఇలా ఖండితంగా చెప్పను, కానీ లారీ పక్కన ఇంజను ఆగడం విసుగుతో సరిపెట్టుకునే విషయం కాదు.

ఇక గుట్ట. మీరు ఆ ఎత్తును రెండో గేరులో, కూర్చునే ఎక్కారు. వేగం తగ్గినప్పుడు భయపడి థ్రాటిల్ మూశారు. ఇంజను ఆగగానే క్లచ్ పట్టారు. బండి వెనక్కి జారుతుంటే కుడికాలు కింద పెట్టబోయారు, నేల అందలేదు. ఇవన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి, మీరు మాత్రం వాటిని బండి చేసిన పనులుగా రాశారు. ఎత్తు మీద ఇంజను ఆగిపోతే క్లచ్ వదిలి బండిని గేరులోనే ఉంచాలి. అప్పుడు కంప్రెషనే వెనక చక్రానికి బ్రేకులా పనిచేస్తుంది. ముందు బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే, ఎత్తు మీద బరువంతా వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి వదులు కంకర మీద ముందు చక్రం బిగిసినా జారుతుంది. కాలు పెట్టవలసింది ఎత్తు ఉన్న పక్కకు. మీరు పెట్టింది పల్లం పక్కకు. పల్లం పక్క కాలు పెడితే ఆరడుగుల మనిషి కూడా పడతాడు. కాబట్టి “నా ఎత్తు చాలదు” అని మీరు తేల్చుకున్నది తొందరపాటు.

అయినా సీటు ఎత్తు మీ మనసులో ముల్లులా ఉందని అర్థమవుతోంది, అది అనవసరమైన దిగులూ కాదు. ఈ తరగతి బండ్లు పుట్టుకతోనే రెండు పడవల మీద కాళ్లు పెట్టినవి. 1968లో యమహా డీటీ-1 వచ్చి ఈ తరహాకు గిరాకీ తెచ్చినప్పటి నుంచీ అంతే: రాళ్ల మీద కింద తగలకూడదంటే ఎత్తు కావాలి, సిగ్నల్ దగ్గర కాలు ఆనాలంటే తగ్గాలి. హోండా ఎక్స్‌ఆర్650ఎల్ సీటు 940 మిల్లీమీటర్లు, సుజుకి డీఆర్650 సీటు 885. వాటిని మీ అంత ఎత్తు ఉన్నవారు ఒక పిరుదు సీటు అంచుకు జరిపి, ఒక్క కాలు పూర్తిగా ఆనించి నడుపుతూనే ఉన్నారు. రెండు మడమలూ ఆనాలన్నది తారు రోడ్డు నుంచి మీరు వెంట తెచ్చుకున్న అలవాటు.

ఎత్తు తగ్గించాలనుకుంటే మొదట సస్పెన్షన్ కొలవండి. మీరు ఎక్కి కూర్చున్నప్పుడు వెనక సస్పెన్షన్ తన మొత్తం ప్రయాణంలో సుమారు మూడో వంతు కిందికి దిగాలి. 280 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంటే దాదాపు 90. పాత యజమాని మీకన్నా బరువైనవారై స్ప్రింగును బాగా బిగించి ఉంటే, మీ బరువుకు అది దిగదు. అప్పుడు మీరు కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎత్తైన బండి మీద కూర్చున్నట్టే. దాన్ని సరిచేస్తే రెండు మూడు సెంటీమీటర్లు దక్కవచ్చు. తరవాత సీటు నురగ కోయించడం; తొడలు నొప్పి పుట్టేంత కోయిస్తే దూరాలకు పనికిరాదు. వెనక సస్పెన్షన్‌కు వేసి బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ లింకు చివరిది. అది వేస్తే ముందు ఫోర్కులను కూడా ఆ మేరకు పైకి జరపాలి, సైడ్ స్టాండు పొట్టి చేయించాలి, లేకపోతే బండి నిటారుగా నిలబడి కాస్త తోపుకే అవతలి పక్కకు పడుతుంది. వీటన్నిటి తరవాత కింద రాళ్లు తగలడం మొదలవుతుంది.

నా ఉద్దేశంలో మీకు ఎత్తు తగ్గించడం కన్నా ఎక్కువ పనికొచ్చేవి రెండు ఉన్నాయి. ఒకటి, ముందు స్ప్రాకెట్టు, అంటే ఇంజను వైపు చెయిన్‌ను తిప్పే పళ్ల చక్రం. మీది పదిహేను పళ్లదని రాశారు. పద్నాలుగు పళ్లది వేస్తే, వెనక నలభై నాలుగు ఉన్నచోట మూడు పళ్లు పెంచినంత ఫలితం. ఇంజను ఆగిపోకుండా నెమ్మదిగా ఎక్కగలుగుతారు, క్లచ్ మీద భారం తగ్గుతుంది. బదులుగా రోడ్డు మీద అదే వేగానికి ఇంజను ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది. రెండోది టైరులో గాలి. రోడ్డుకు పట్టిన 32 పీఎస్ఐతోనే మీరు కంకరలోకి దిగారు. 20, 22కు తగ్గించి ఉంటే టైరు రాయి మీద గెంతకుండా అణిగి పట్టుకునేది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది కాబట్టి ఇరవై కన్నా కిందికి దిగకండి. తిరిగి తారెక్కేముందు నింపుకోవడానికి పంపు వెంట ఉండాలి. మీరు సంచీ నిండా స్పానర్లు మోస్తున్నారు గానీ పంపు లేదు!

మోకాలు పూర్తిగా నయమయ్యాక, ఆ గుట్ట దగ్గరకు కాకుండా ఖాళీ మట్టి మైదానానికి వెళ్లండి. పెగ్‌ల (పాదాలు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి, మోకాళ్లు కాస్త వంచి, మోచేతులు వదులుగా, ఒక వేలు క్లచ్ మీద ఉంచి నడక వేగంతో అరగంట తిరగండి. నిలబడితే బరువు సీటు మీద నుంచి పెగ్‌ల మీదికి దిగి, బండి మీ కింద తన దారి తాను చూసుకుంటుంది. తరవాత చిన్న మిట్ట మీద కావాలనే ఇంజను ఆపి, గేరులో నిలిపి, ఎత్తు పక్కకు దిగడం పదిసార్లు సాధన చేయండి. పడిన బండిని లేపడం కూడా: హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వీపు సీటుకు ఆనించి, నడుముతో కాకుండా కాళ్లతో వెనక్కి నడవాలి. ఒక మిత్రుడు తోడుంటే చాలు. ఒంటరిగా మాత్రం వద్దు.

మీ శ్రీమతి అమ్మమనడాన్ని మీరు బండి మీద కోపంగా రాశారు. నాకు ఆమె మాటల్లో వినిపించింది వేరు: ఆదివారం సాయంత్రాల్లో మీరు విసుగ్గా ఉంటున్నారు, డబ్బు పోతోంది, ఎందుకో ఆమెకు తెలియదు. మెట్ల కథ చెప్పి ఆ కారణం మీరే దాచారు. ఇప్పుడు చెబితే ఒకరోజు గట్టిగా మాటలు పడతారు, బహుశా అమ్మాలన్న పట్టు కూడా పెరుగుతుంది. చెప్పకపోతే ఆ ఇద్దరు మిత్రుల్లో ఎవరో ఒకరు మాటల్లో బయటపెడతారు, అప్పుడు పోయేది బండి ఒక్కటే కాదు. చెప్పేటప్పుడు ఏం చేయబోతున్నారో కూడా చెప్పండి: ఇంత గడువు, ఇంతకు మించని ఖర్చు, అంతలో జబ్బు తేలకపోతే అమ్మకం, మోకాలి రక్షణా బూట్లూ లేకుండా మట్టిలోకి దిగకపోవడం. గడువు రెండు నెలలు చాలుననుకుంటాను.

మార్చి మరొకటి కొనడం కూడా తప్పుడు ఆలోచనేమీ కాదు. మీ ప్రయాణాల్లో ముప్పావు భాగం తారు మీదే అని రాశారు కాబట్టి 800 మిల్లీమీటర్ల సీటుతో 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటివి మీ కాళ్లకు అందుతాయి. కానీ అవి మీ బండి కన్నా బాగా బరువు, పడితే ఒక్కరే లేపడం కష్టం. తేలికగా, పొట్టిగా ఉండే 250 సీసీ తరగతి మట్టిలో మిమ్మల్ని కాపాడుతుంది, పెద్ద రోడ్డు మీద అలసిపోతుంది. పంపుతో పెట్రోలును నేరుగా చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే కార్బురేటరు బాధ ఉండదనేది నిజమే. కవాసాకి కేఎల్ఆర్650 కూడా 1987 నుంచి కార్బురేటరుతో నెగ్గుకొచ్చి 2022 మోడల్‌తో అటే మారింది. అయితే దారి మధ్యలో ఫ్యూయల్ పంపు చెడితే సీసా, స్క్రూడ్రైవరు మీకు అక్కరకు రావు. ఏది కొన్నా, ఆ మైదానంలో అరగంట మాత్రం తప్పదు.

నాలుగో మార్గం ఒకటి మీరు అడగలేదు: ఉంచుకుని, నయం చేసి, మట్టిదారులు మానేసి రోడ్డుకే వాడుకోవడం. అదీ ఓటమి కాదు. పొడవైన సస్పెన్షన్ గుంతల రోడ్డుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

కొంటానన్న మిత్రుడికి ప్రస్తుతానికి జవాబు వాయిదా వేయండి. ట్యాంకు మూత సంగతి తేలకముందే అమ్మితే, నలభై నిమిషాల మాట ఆయనకు చెప్పి తీరాలి, చెబితే ధర సగమవుతుంది. తేలాక అమ్మితే ఒక గొట్టం శుభ్రం చేసిన కథ మాత్రమే చెప్పవలసి రావచ్చు. మీరు కుదుటపడేవరకు నడిపి చూస్తానని ఆయన తాళం అడిగినా ఇవ్వకండి. లారీ పక్కన ఆగే బండి మీ చేతి నుంచి ఆయన చేతికి వెళ్లినంత మాత్రాన మారదు.